పాత పడవకు రంధ్రం ఒక్కటే చాలదు
బరువు వేసి కొలిచాకే నీటికి దారి

దాచేపల్లి: మండలంలోని తంగెడ రేవు వద్ద కృష్ణానది తీరు కొన్నేళ్లుగా మారింది. 2013 డిసెంబరులో జాతికి అంకితమైన పులిచింతల ప్రాజెక్టు సామర్థ్యం 45.77 టీఎంసీలు. జలాశయం నిండితే వెనుక జలాలు ఎదుటి ఒడ్డున ఉన్న మట్టపల్లి వరకు నిలుస్తాయి. విశాలంగా నిలిచిన నీటిపై గాలి తోడైతే అల లేస్తుంది. అంచు ఎత్తు తక్కువగా ఉన్న పాత పడవకు ఇది పరీక్షే. అంచు దాటి పడిన నీరు, తడి వల నుంచి కారిన నీరు, వాన నీరు అన్నీ అడుగునే చేరతాయి.

4 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు గల అడుగున 10 సెంటీమీటర్ల నీరు నిలిస్తే అది 400 లీటర్లు, అంటే 400 కిలోలు. ఆరేడుగురు మనుషుల బరువు. మనుషులు ఒకచోట కదలక కూర్చోగలరు గాని నీరు కూర్చోదు. పడవ ఒరిగిన పక్కకే పారి దానిని మరింత వంచుతుంది. వల లాగే వేళ బరువంతా ఒక పక్కనే పడుతుంది కనుక ముప్పు అప్పుడే అధికం.

కోస్తా తీరంలోని కట్టుమరం తెప్పకు ఈ బెడద లేదు. దుంగల సందుల్లోంచి నీరు దానంతటదే జారిపోతుంది. గోడలున్న పడవకు ఆ గుణం రావాలంటే అడుగుకు పైన నీరు చొరని డెక్కు, వెనుక పలకలో నీరు పోయే దారి రెండూ ఉండాలి.

ముందు కొలత
డ్రిల్లు పట్టుకునే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఇంజిను, ఇంధనం, వలలు, మంచుపెట్టె, మనుషులు సహా పడవను నిలకడ నీటిలో ఉంచి, వెనుక పలకపై నీరు తాకినచోట గుర్తు పెట్టాలి. చేపలు బాగా పడిన రోజు బరువునూ లెక్కలో వేయాలి. డెక్కులో అన్నిటికంటే పల్లమైన చోటు ఈ గుర్తుకు పైన ఉంటేనే నీరు బయటకు పోతుంది. కింద ఉంటే అదే రంధ్రం గుండా నది లోపలికి వస్తుంది. డెక్కును ఇష్టానుసారం ఎత్తడమూ తగదు. దానిపై నిలబడే మనుషుల బరువు కూడా పైకి చేరి తూలుడు పెరుగుతుంది. ఎత్తు చాలని పడవకు రంధ్రాల ఆలోచన మాని, పంపు అమర్చుకోవడమే మేలు.

కొలత కుదిరితే డెక్కును వెనుకకు స్వల్పంగా వాలుగా వేసి, రెండు మూలలా చెరొక రంధ్రం పెట్టాలి. పడవ ఎటు ఒరిగినా ఒకటి పనిచేస్తుంది. సన్న రంధ్రాలు పొలుసుతోను, వల దారాలతోను పూడిపోతాయి. బయటివైపు రబ్బరు మూత వేలాడదీస్తే అల వచ్చినప్పుడు అది మూసుకుంటుంది. డెక్కు కింది ఖాళీని తనిఖీ చేసేందుకు బిగుతైన మూత తప్పనిసరి.

పలక పుచ్చితే
మెకానిక్కులు ట్రాన్సమ్‌గా పిలిచే వెనుక పలకే ఇంజిను బరువును మోస్తుంది. ఫైబర్ పడవల్లో దాని లోపల ప్లైవుడ్ ఉండటం పరిపాటి. సుత్తితో తట్టినప్పుడు గట్టి శబ్దానికి బదులు బొద్దు శబ్దం వచ్చినా, బోల్టు తీసినచోట తడి పొట్టు రాలినా లోపల పుచ్చినట్లే. పుచ్చిన పలకకు కొత్త రంధ్రాలు వేయడం వృథా, చెక్క మార్చవలసిందే. బాగున్న పలకలో కోసిన అంచును కూడా వట్టిగా వదలరాదు. రెజిన్, ఫైబర్‌తో పూర్తిగా మూయాలి. పైపై రంగు చాలదు.

ఇంజిను బిగించేచోట పలక ఎత్తు తగ్గి ఉంటుంది. వేగం ఒక్కసారిగా తగ్గిస్తే వెనుక అల అక్కడి నుంచే లోపలికి దూకుతుంది. ఇంజినుకు ముందు అడ్డపలక కట్టి, ఆ గదిలో పడిన నీటికి విడిగా దారి ఇస్తే ఆ నీరు పడవలోకి రాదు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధం మరమ్మతులకు అనువైన కాలం. కృష్ణా తీరంలోనూ వరదలకు ముందున్న వేసవే అనువు. రెజిన్ ఆరడానికి పొడి వాతావరణం కావాలి. పని ముగిశాక పూర్తి బరువుతో పడవను ఒడ్డునే కట్టి, డెక్కుపై నాలుగు బకెట్ల నీరు పోసి చూడాలి. నీరు రెండు మూలల్లోంచీ పోయి, డెక్కు కింది ఖాళీ పొడిగా ఉన్నాకే వేటకు దించాలి.