కుకీకి నేను చేసిన వైద్యం

పోయిన ఉగాది సభలో భోజనాల వరసలో నిలబడి ఉండగా మన సభ్యులొకాయన నన్ను కాస్త పక్కకి పిలిచి, "డాక్టరుగారూ, మా పిల్లికి ఒళ్ళు వెచ్చగా ఉంటోంది. టైలెనాల్ సగం మాత్ర వెయ్యొచ్చా?" అని అడిగారు. చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టేసి మరీ వద్దన్నాను. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నట్టున్నారు. పిల్లి ప్రాణం తియ్యడానికి ఒక్క మామూలు టైలెనాల్ మాత్ర చాలు. ఆ మందుని విరిచి బయటికి పంపే శక్తి మన కాలేయానికి ఉన్నట్టు పిల్లి కాలేయానికి లేదు. నెత్తురు చాక్లెట్ రంగుకి తిరుగుతుంది, ఊపిరి ఆడినా ప్రాణవాయువు ఒంటికి అందదు. ఈ సంగతి నాకు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. మా వీధి చివరి పశువుల ఆసుపత్రిలో, తల వంచుకు కూర్చున్న ఒక సాయంత్రం తెలిసింది. ఆ కథంతా భోజనాల వరసలో చెప్పడం కుదరలేదు కనక ఇక్కడ రాస్తున్నాను.

మా ఇంట్లో కుక్క ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. హ్యూస్టన్ వచ్చిన నాలుగో ఏట మా అమ్మాయి పోరు పడలేక, దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టరు నుంచి ఒకదాన్ని తెచ్చుకున్నాం. ఏ జాతో వాళ్ళకీ తెలియదు. గోధుమరంగు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి, అచ్చం మన ఊరి వీధికుక్కే. అమ్మాయి దానికి కుకీ అని పేరు పెట్టింది. ఆ వేసవిలో భీమవరం నుంచి వచ్చిన మా అమ్మ, "కుక్కకి కుక్కీ అని పేరేమిట్రా, మనిషికి మనిషీ అని పెట్టినట్టు!" అంది.

అమ్మకి కుక్కంటే హడలు. ఆవిడ చిన్నతనంలో పక్కింటి కుర్రాణ్ణి పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించారట. గొర్రె మెదడు నుంచి తీసే ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది కాని, అమ్మ మనసులో ఇంకా ఆగలేదు. ఆవిడ భయాన్ని నేను తీసిపారెయ్యలేను. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రోగిని చూశాను. గ్లాసుతో నీళ్ళు చూపిస్తే చాలు, గొంతు బిగుసుకుపోయేది. లక్షణాలు బయటపడ్డాక మేం చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఇక్కడ టెక్సాస్ చట్టం ప్రకారం కుక్కపిల్లకి 16 వారాలు నిండేలోపు రేబీస్ టీకా వేయించి తీరాలి. అంతే కాదు, 1995 నుంచి టీకా నింపిన ఎరల్ని విమానాల మీంచి జారవిడిచి, అడవిలో తిరిగే కయోటీలకి కూడా టీకా తినిపించారు! కుక్క నించి కుక్కకి పాకే రేబీస్ ఈ దేశంలో లేకుండా పోయిందని 2007లో ప్రకటించారు. గబ్బిలాలూ స్కంకులూ ఇంకా మోస్తూనే ఉన్నాయి కనక కుక్కకి టీకా మాత్రం తప్పదు. కుకీ మెడలో వేళ్ళాడే టీకా బిళ్ళ చూసి అమ్మ, "తాయెత్తా?" అంది. అలాంటిదే అన్నాను. ఆ తరవాతే దగ్గరికి రానిచ్చింది.

మా పశువుల ఆసుపత్రి డోనట్ల కొట్టుకీ లాండ్రీకీ మధ్య ఉంటుంది. లోపలికి వెళ్ళగానే నేలకి సమంగా ఒక తూనిక, ఒక వైపు కుక్కలకీ ఇంకో వైపు పిల్లులకీ వేరువేరుగా కుర్చీలు. మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు థర్మామీటరు 101.8 చూపించింది. "జ్వరం ఉన్నట్టుందే" అన్నాను పెద్దమనిషిలా. డాక్టరమ్మ నవ్వి, కుక్కకి 101 నించి 102న్నర దాకా మామూలేనంది. నేను అక్కడే బుద్ధి తెచ్చుకోవలసింది.

ఆ ఆసుపత్రిలో నాకు వింతగా తోచింది ఇంకొకటుంది. సూది గుచ్చే ముందే ఒక కాగితం చేతికిస్తారు. ఇంతకి తక్కువ కాదు, ఇంతకి ఎక్కువ కాదు అని రెండు వరసల్లో అంకెలుంటాయి. చదువుకుని సంతకం పెట్టాలి. నేను రోజూ రాసే పరీక్షల ఖరీదు నాకే తెలియదు, నా రోగికి అంతకన్నా తెలియదు. మూడు నెలలకి ఇంటికి బిల్లొస్తే గుండె పట్టుకుంటాడు. ఈ పద్ధతే నయమనుకున్నాను, పక్కనున్న ముసలాయన్ని చూసేదాకా. ఆయన కాగితం రెండుసార్లు చదివి, టోపీ తీసి తల గోక్కుని, "ఎక్స్‌రే వద్దమ్మా, మందులివ్వు చాలు" అన్నాడు. డాక్టరమ్మ మారు మాట్లాడకుండా ఎక్స్‌రే కొట్టేసి ఇంకో కాగితం రాసిచ్చింది. కుక్కకి ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళు ఆ గదిలో నాకైతే ఎవరూ కనపడలేదు.

ఇక అసలు సంగతి. ఆగస్టులో కుకీ పెరటి మెట్ల మీంచి దూకి కుంటడం మొదలెట్టింది. ఎముక విరగలేదని నొక్కి చూసి తేల్చుకున్నాను. దాని బరువు 30 పౌన్లు, అంటే పద్నాలుగు కిలోలకి కాస్త తక్కువ. ఆ బరువున్న పిల్లవాడికి ఐబుప్రొఫెన్ ఎంత వేస్తామో మనసులో లెక్కగట్టి, ఇంట్లో 200 మిల్లీగ్రాముల మాత్రలే ఉంటే, కొంచెం ఎక్కువైతే ఏమైందిలే అనుకుని, పీనట్ బటర్‌లో పెట్టి ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి వేశాను. అలా మూడు రోజులు. కుంటు తగ్గింది. మా ఆవిడ ముందు మీసం మెలేశాను కూడా.

నాలుగో రోజు పొద్దున్న కుకీ లేవలేదు. రెండుసార్లు కక్కుకుంది. పెరట్లో చూస్తే విరోచనం తారులా నల్లగా ఉంది. అదేమిటో డాక్టరుకి ఒకరు చెప్పక్కర్లేదు.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "మందులేమైనా ఇచ్చారా?" నేను చెప్పిన జవాబు, "అబ్బే, ఏమీ లేదండీ." ఈ మాటే నా రోగులు నాతో అంటే ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఆవిడ కుకీ చిగుళ్ళు వేలితో నొక్కి, పాలిపోయిన రంగు చూసి, "ఇంట్లో వాడే మాత్రలేవైనా?" అని మళ్ళీ అడిగింది. ఏడేళ్ళ మా అమ్మాయి, "డాడీ పీనట్ బటర్‌లో పెట్టి ఇచ్చాడు" అని చెప్పేసింది. ఆ గదిలో నిజం చెప్పింది అదొక్కతే.

ఆవిడ కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది. ఇలా తెచ్చేవాళ్ళలో డాక్టర్లూ నర్సులూ ఎక్కువేనండీ, తూకం చూసి లెక్క కడతారు కాని అది చిన్న మనిషి కాదు కదా అంది. కుక్క ఒంట్లో ఐబుప్రొఫెన్ పేగుల్లోంచి మళ్ళీ కాలేయానికీ, కాలేయం నుంచి పేగుల్లోకీ చక్రం తిరుగుతూ మన ఒంట్లోకన్నా చాలా సేపు నిలుస్తుందట. కడుపు పుండు పడుతుంది. ఇంకా ముదిరితే మూత్రపిండాలు.

మూత్రపిండాల మాట వచ్చేసరికి, ఏమేం పెడుతున్నారని అడిగింది. ఈసారి బోనెక్కవలసింది మా అమ్మ. నేను ఇంగ్లీషులోకి మారుస్తూ ఉంటే పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది: పాయసంలో జీడిపప్పు ఏరి మనవరాలికీ కిస్మిస్ ఏరి కుక్కీకీ, శనివారం మిగిలిన పులిహోర, ఉల్లిపాయ పులుసన్నం. డాక్టరమ్మ కలం కింద పెట్టింది. ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తుటి కణాల్ని పగలగొడతాయి. ద్రాక్ష, కిస్మిస్ కొన్ని కుక్కల మూత్రపిండాల్ని తినేస్తాయని చాలా కాలంగా తెలుసు కాని, ఎందుకో తెలియదు. అందులోని టార్టారిక్ ఆమ్లం వల్ల కావచ్చని 2021లో ఇక్కడి పశువైద్యులు రాశారు. చింతపండు పులుపు కూడా ఆ ఆమ్లమే! చింతపండు తిని మూత్రపిండాలు చెడిన కుక్కల సంగతి ఆ మరుసటేడు పత్రికలకెక్కింది. "మన ఊళ్ళో కుక్కలన్నీ చారన్నం తినే పెరిగాయి కదరా" అంది అమ్మ. పెరిగినవాటినే చూశాం, పోయినవాటిని ఎవరు లెక్కపెట్టారే అన్నాను. అన్నాక, ఆవిడ మొహం చూసి, ఆ మాట నేననకుండా ఉండవలసింది అనుకున్నాను. కుకీ పడుకుంది ఆవిడ పులిహోర వల్ల కాదు, నా మాత్రల వల్ల.

రెండు రాత్రులు అక్కడే ఉంచారు. సెలైను, పాంటోప్రజోల్, సుక్రాల్ఫేట్... నేను రోజూ రాసే మందులే. క్రియాటినిన్ మొదటి రోజు కాస్త పెరిగింది. రెండో రోజు సాయంత్రం మళ్ళీ నెత్తురు తీసి, ఫలితం కోసం మమ్మల్ని బయట కూర్చోబెట్టారు. మా అమ్మాయి మాట్లాడడం లేదు. అమ్మ మటుకు లేచి గోడవార బీరువాలో ఉన్న గాజుసీసా చూస్తోంది. ఫార్మలిన్‌లో ఒక కుక్క గుండె, కోసి ఉంది. లోపల తెల్లగా పొడుగ్గా చుట్టలు చుట్టలుగా పురుగులు. "సేమ్యా ఉడికినట్టుంది, ఏమిట్రా అది?" హార్ట్ వర్మ్ అని చెప్పాను, ఆడపురుగు అడుగు దాకా పెరుగుతుంది, దోమకాటు వల్ల వస్తుంది, నెలకో మాత్ర వేస్తే రాదు అని.

"దోమ వల్లా? అయితే ఇది బోదకాలుకి చుట్టమేరా!"

నిజంగానే చుట్టం. రెండూ ఫైలేరియా జాతే. నెలనెలా మాత్ర వేస్తున్న నాకు ఆ వరస ఎప్పుడూ తట్టలేదు. మా పెదతాతకి బోదకాలుండేది. రాత్రి పొద్దుపోయాక లైటు పట్టుకుని నెత్తురు చుక్క తీసుకోవడానికి ఆరోగ్యశాఖ వాళ్ళు రావడం అమ్మకి బాగా గుర్తు, ఎందుకంటే ఆ పురుగు పిల్లలు నెత్తుట్లోకి రాత్రిపూటే ఎక్కువగా వస్తాయి. ఆ జబ్బుకి మందు, హెట్రజాన్, 1947లో ఈ దేశంలోనే లెడర్లీ ప్రయోగశాలలో బయటపడింది. అక్కడ పరిశోధనకి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ మందుని మొదట పరీక్షించిన జంతువుల్లో హార్ట్ వర్మ్ పట్టిన కుక్కలూ ఉన్నాయి. 1987లో ఐవర్‌మెక్టిన్ నెల మాత్ర వచ్చేదాకా అమెరికాలో కుక్కలు రోజూ మింగింది ఆ మందే. ఐవర్‌మెక్టిన్ కనిపెట్టిన కాంప్‌బెల్, ఓమురాలకి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పుడు మన దేశంలో 2018 నించి కొన్ని జిల్లాల్లో బోదకాలు రాకుండా ఊరందరికీ పంచే మాత్రల్లో ఈ రెండు మందులూ ఉన్నాయి, ఇంకొకదానితో కలిపి.

ఇదంతా డాక్టరమ్మ బయటికి రాగానే ఆవిడకి చెప్పాను. మందు పేరు ఆవిడకి తెలుసు, మనిషి పేరు తెలియదు. చీటీ మీద రాయించుకుంది. తరవాత క్రియాటినిన్ దిగిందని చెప్పింది. అది ముందు చెప్పవచ్చు కదా అనిపించింది కాని, నేను ఊపిరి తియ్యకుండా మాట్లాడుతుంటే పాపం ఎలా చెబుతుంది?

కుకీ మెడ చుట్టూ ప్లాస్టిక్ గరాటాతో ఇంటికొచ్చింది. బిల్లు రెండో వరస అంకెకి కొంచెం తక్కువ వచ్చింది. మా అమ్మాయి నాతో మూడు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఒకటో తారీకు మాత్ర వేసే పని అమ్మ పుచ్చుకుంది. ఊరికి వెళ్ళాక కూడా నెల మొదట్లో ఫోనులో మా ఆవిడ కుశలం కన్నా ముందు అదే అడుగుతోంది.

ఉగాది నాటి పెద్దమనిషి మర్నాడు పిల్లిని చూపించి ఫోను చేశారు. ఇంకో పిల్లితో దెబ్బలాడి తోక మొదట్లో గాయం చీము పట్టిందట. కోసి, చీము తీసి, యాంటీబయాటిక్ ఇచ్చారట. టైలెనాల్ ఇవ్వలేదట.