ఒంటరిగుంటే మిడత, ఇరుకుల పడితే దండు

2020 మే నెల యాదుందా? లాక్‌డౌన్‌ల ఉండంగనే మిడతల దండు రాజస్థాన్, మధ్యప్రదేశ్ మీదికెళ్లి మహారాష్ట్రల దిగింది. మన సరిహద్దు జిల్లాలకు సర్కారు అలర్ట్ ఇచ్చింది. దండు మన దాక రాలే, బతికిపోయినం. గని అది వేరే జాతి పురుగు కాదు. ఎడారిల ఎవ్వలి జోలికి పోకుండ బతికే మిడతనే. దాన్ని అట్ల మార్చింది ఇరుకు.

ఎడారి మిడత మామూలుగ ఒంటరిది. ఇంకో మిడత ఎదురైతే పక్కకు జరుగుతది. మంచి వాన పడితే తడి ఇసుకల గుడ్లు పెడ్తది, సంతతి మస్తు పెరుగుతది. తర్వాతనే అసలు కష్టం. గడ్డి ఎండిపోయి పచ్చదనం అక్కడక్కడ మిగులుతది. అన్నీ ఆ కొంచెం పచ్చ మీదికే చేరుతయి, ఒకదానికొకటి తాకుతయి. వెనక కాళ్లకు మళ్లమళ్ల తాకితే మిడత నరాలల్ల సెరటోనిన్ అనే రసాయనం పెరుగుతదని 2009ల శాస్త్రవేత్తలు తేల్చిన్రు. కొన్ని గంటలల్లనే దూరం జరిగేది దగ్గరికి రావట్టే. పెరిగేకొద్ది రంగు గూడ మారుతది. పచ్చగుండే పిల్ల మిడతలు పసుపు, నలుపు కలిసిన రంగుకొస్తయి. గుంపుల బతికిన తల్లి గుడ్ల నుంచి వచ్చే పిల్లలకు ఆ గుణం పుట్టుకతోనే అంటుతది.

తిండి లేని చోట ఆగితే చావే. అందుకే గుంపు కదులుతది. ఆగినదాన్ని వెనకున్నది కొరుకుతది, ఆ భయానికి గూడ ముందుకే నడుస్తయి. కరువును తట్టుకునేందుకు మిడతకు అదొక ఉపాయం. రైతుకు మాత్రం నాశనం. ఒక చదరపు కిలోమీటరు దండుల 4 కోట్ల నుంచి 8 కోట్ల మిడతలుంటయి. ఒక్కరోజుల 35 వేల మంది తినేంత తిండి ఊడ్చేస్తయి.

2020 ముప్పుకు బీజం 2018లనే పడ్డది. ఆ ఏడు రెండు తుపాన్లు అరేబియా ఎడారిని తడిపినయి. మనిషి తిరగని ఆ ఇసుకల మిడతలు తరాల మీద తరాలు పెరిగినయి, ఎవ్వలూ చూడలే. దండు లేచినంక పళ్లాలు కొట్టినం, డీజేలు పెట్టినం. అవి పక్క చేన్లకు పోయినయి, గంతే.

ఒంటరిగ ఉన్నప్పుడే, గుంపు కట్టకముందే పట్టుకోవాలె. జోధ్‌పూర్‌ల మన మిడతల హెచ్చరిక సంస్థ ఉన్నది అందుకే. మిడతలు కనపడని ఏడాది గూడ ఎడారిల సర్వే ఆగొద్దు. దండు రాలేదని ఆ ఖర్చు దండుగ అనుకుంటే, తర్వాత కట్టేది రైతే.