స్కానింగ్‌లో ఉన్న పిత్తాశయం ఆపరేషన్‌లో కనిపించకపోతే?

పెనుమూడిలో కుడి డొక్కలో నొప్పి అంటే ముందు గ్యాస్ మాత్ర. తగ్గకపోతే రేపల్లెకో తెనాలికో వెళ్లి స్కానింగ్. పిత్తాశయంలో రాళ్లని తేలితే కెమెరా ఆపరేషన్. ఇదంతా తెలిసిన దారే. కానీ ఎప్పుడో ఒకసారి డాక్టర్ లోపల కెమెరా పెట్టి చూస్తే, ఉండాల్సిన చోట పిత్తాశయం ఉండదు.

ఇది పుట్టుకతో వచ్చే తేడా. తల్లి కడుపులో నాలుగో వారానికి బిడ్డ పేగు నుంచి ఒక చిన్న మొగ్గ వస్తుంది. లివర్, పిత్తాశయం, పైత్యరసం గొట్టాలు అందులోంచే తయారవుతాయి. పిత్తాశయం భాగం పెరగకపోతే మనిషికి అసలు అదే ఉండదు. ఆ భాగం చీలితే రెండు వస్తాయి. సుమారు 4,000 మందిలో ఒకరికి ఇలా రెండు ఉంటాయని అంచనా. కొందరికి ఎడమవైపు ఉంటుంది. చిత్రమేమిటంటే వాళ్లకూ నొప్పి సాధారణంగా కుడివైపే వస్తుంది, అందుకే ముందు అనుమానం రాదు.

మరి లేనిది స్కానింగ్‌లో ఎలా కనిపించింది? కుటుంబాలకు కోపం తెప్పించేది ఇదే. రాళ్లతో ముడుచుకున్న పిత్తాశయం అల్ట్రాసౌండ్‌లో తెల్లటి గీతలా, దాని వెనక నీడలా కనబడుతుంది. పేగులో గ్యాస్ కూడా ఒక్కోసారి అలాగే కనబడుతుంది. రిపోర్టులో 'ముడుచుకుంది', 'సరిగా కనబడలేదు' అని ఉంటే ఖాళీ కడుపుతో మళ్లీ స్కానింగ్ చేయించాలా, ఎంఆర్‌సీపీ కావాలా అని డాక్టర్‌ను అడగండి. ఎంఆర్ఐ మెషిన్ మీదే చేసే ఈ పరీక్షలో గొట్టాల దారి కనబడుతుంది. ఖర్చు ఎక్కువే, కానీ అనవసరపు ఆపరేషన్ కంటే తక్కువ.

అసలు ప్రమాదం వెతుకులాటలో ఉంది. పిత్తాశయం గొట్టం అనుకుని లివర్ నుంచి పేగుకు వెళ్లే ప్రధాన గొట్టాన్ని కోస్తే కామెర్లు, ఇన్ఫెక్షన్, మళ్లీ పెద్ద ఆపరేషన్. అందుకే పిత్తాశయంలోకి వెళ్లేవి రెండే, ఒక గొట్టం, ఒక రక్తనాళం అని స్పష్టంగా కనబడ్డాకే కోయాలని అమెరికా సర్జన్ స్ట్రాస్‌బర్గ్ 1995లో చెప్పిన పద్ధతిని ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తోంది. అలా కనబడకపోతే రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు, లేదా పొట్ట తెరుస్తారు. పిత్తాశయమే లేదనిపిస్తే అక్కడితో ఆపి, తర్వాత ఎంఆర్‌సీపీ చేస్తారు. బయట కూర్చున్న బంధువులు "డాక్టర్‌కు చేతకాలేదు" అనుకుంటారు గానీ, అక్కడ ఆగడమే సరైన పని.

సంతకం పెట్టే ముందే "లోపల వేరేగా ఉంటే ఏం చేస్తారు?" అని అడగండి. డిశ్చార్జి కాగితంలో ఏం కనిపించిందో, ఏం తీశారో రాయించుకోండి. రెండు పిత్తాశయాల్లో ఒకటి మిగిలిపోతే నొప్పి మళ్లీ రావచ్చు, అప్పుడు కొత్త డాక్టర్‌కు ఆ కాగితమే ఆధారం.