చేప ఒంటి జిగురును కడిగేస్తున్న మన సర్ఫు నీళ్లు

సికింద్రాబాద్: కొర్రమీను ఇంటికి తెస్తే మొదట ఏం చేస్తాం? రాళ్ల ఉప్పు వేసి జిగురు పోయేదాకా రుద్దుతాం. వంటింట్లో మనల్ని విసిగించే ఆ జిగురే నీళ్లలో ఉన్నప్పుడు చేపకు రక్షణ. మన ఇళ్ల నుంచి పోయే డిటర్జెంట్ నీళ్లు బతికున్న చేప ఒంటి మీద నుంచే దాన్ని కడిగేస్తాయి.

పొలుసు మీద కూడా చర్మమే

మన చర్మం పైపొరలో ఉండేవి చనిపోయిన కణాలు. అందుకే సబ్బు తగిలినా మనకు పెద్దగా నష్టం లేదు. చేపకు పైపొర కణాలు కూడా బతికే ఉంటాయి. పొలుసుల మీద కూడా పలుచని చర్మం ఉంటుంది. అందులోని కణాలే జిగురు తయారు చేస్తాయి. క్రిములను చంపే పదార్థాలు ఆ జిగురులో ఉంటాయి.

డిటర్జెంట్ ఏం చేస్తుంది?

డిటర్జెంట్ అణువు ఒక కొసతో నీటిని, రెండో కొసతో జిడ్డును పట్టుకుంటుంది. బట్టల మురికి వదిలేది ఇలాగే. కణాల చుట్టూ ఉండే పొరలోనూ కొవ్వే ఎక్కువ, కాబట్టి అదీ దెబ్బతింటుంది. మొదట జిగురు కణాలు ఉబ్బి ఎక్కువ జిగురు వదులుతాయి. తర్వాత ఖాళీ అయిపోతాయి. చర్మం ఊడి పుండ్లు పడితే బ్యాక్టీరియా, బూజు లోపలికి పోతాయి. మొప్పలు పాడైతే ఊపిరే కష్టం.

జెల్ల, వాలుగ లాంటి చేపలు మీసాలతోనే తిండి రుచి పసిగడతాయి. 1965లో అమెరికాలో ఒక మీసాల చేప మీద చేసిన పరిశోధనలో లీటరు నీటికి అర మిల్లీగ్రాము డిటర్జెంటే కొన్ని వారాల్లో ఆ రుచి కణాలను పాడుచేసింది.

మన నాలాల సంగతి

కుతుబ్‌షాహీల కాలంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ కట్టించిన హుస్సేన్ సాగర్ ఒకప్పుడు నగరానికి మంచినీళ్లు ఇచ్చింది. ఇప్పుడు పికెట్ నాలా, కూకట్‌పల్లి నాలా అందులోకే పారుతున్నాయి. మురుగు మళ్లించే ఏర్పాట్లున్నా, గట్టి వాన పడితే నాలాలు పొంగి మురుగు చెరువులోకే పోతుంది.

మన రాష్ట్ర చేప కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, మురికి నీళ్లలోనూ బతుకుతుంది. బతికి ఉన్నంత మాత్రాన అది బాగున్నట్టు కాదు.

మనం చేయగలిగింది

పౌడర్ కొలిచి వేయండి, నురగ ఎక్కువైతే బట్టలు ఎక్కువ శుభ్రమేమీ కావు. చెరువు గట్టున, నాలా పక్కన బట్టలు, బండ్లు కడగొద్దు. వాషింగ్ మెషీన్ పైపు వాన కాలువలోకి కాకుండా డ్రైనేజీకి కలిసిందో లేదో చూసుకోండి. శుద్ధి కేంద్రానికి చేరిన నీళ్లలో డిటర్జెంట్ చాలావరకు విరిగిపోతుంది. నేరుగా నాలాలో కలిసిన నీళ్లు చేప ఒంటికే తగులుతాయి.