పాత ట్రాక్టరు – నూనె గొట్టము

వ్యాకరణము చెప్పుకొను మాకు ట్రాక్టరు మరమ్మతుతో పనియేమని పాఠకులు అడుగవచ్చును. మా విద్యార్థులలో పలువురి ఇండ్ల ముందు పాత ట్రాక్టరు, దాని వెనుక హైడ్రాలిక్ ట్రాలీ ఉండుటయే కారణము.

ట్రాలీని పైకెత్తు జాకీకి నూనె నందించు గొట్టములో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు దాటవచ్చును. కారు టైరులోని గాలి ఒత్తిడి రెండు కిలోల చిల్లర మాత్రమే! అంతటి ఒత్తిడితో సూదిమొన యంత చిల్లు నుండి వెలువడు ధార కంటికి సరిగా కనబడదు. చర్మమును చీల్చుకొని లోనికి పోవును. కావున చిల్లును వెదకుటకు చేయి పెట్టరాదు. పొడవైన అట్టముక్కను ఎడముగా పట్టినచో నూనె మరకయే చోటు చెప్పును. పొరపాటున నూనె వ్రేలిలోనికి దిగినచో గాయము చిన్నది, నొప్పియు తక్కువ, అదియే మోసము. గంటలలో లోపలి కండ చెడిపోవును. తక్షణమే శస్త్రవైద్యుని కడకు పోయి, నూనె లోనికి దిగినదని స్పష్టముగా చెప్పవలెను.

మరమ్మతుకు ముందు ట్రాలీని పూర్తిగా దించి, ఇంజను ఆపి, లీవరును ఇటునటు కదలించి మిగిలిన ఒత్తిడిని పోగొట్టవలెను. దించుటకు వీలుపడనిచో, గట్టి ఆనుడు పెట్టనిదే క్రిందికి దూరరాదు. నూనె పోయిన జాకీ ఏ క్షణమున దిగునో ఎవరెరుగుదురు?

సైకిలు ట్యూబు చుట్టి తీగతో బిగించువారిని మేము చూచినాము. అది పూటయైనను నిలువదు. లోన ఉక్కుతీగల అల్లిక గల ఈ గొట్టమునకు అతుకు పనికిరాదు, మార్చుటయే. పాతదానిని దుకాణమునకు తీసికొనిపోయి, అదే పొడవు, అదే లావు, అదే మర గలిగి, అంతే ఒత్తిడికి తగినదానిని తేవలెను. బిగించునపుడు గొట్టము మెలిపడరాదు. పాతది ఇనుమునకు ఒరసికొని అరిగియున్నచో క్రొత్తదానిని ఆ చోటు నుండి తప్పింపవలెను. పిదప నూనె నింపి, ఖాళీ ట్రాలీని రెండు మూడు మారులు ఎత్తి దించి, మరల అట్టముక్కతోనే పరీక్షింపవలెను.