రాగాలతో డిస్కో ఆడించిన సర్దార్జీ!

'దమ్ మారో దమ్' రికార్డు మోగితే కుర్రకారు కుర్చీల్లో కుదురుగా కూర్చోలేని రోజులవి! 1971లో వచ్చిన 'హరే రామ హరే కృష్ణ' సినిమా, హిప్పీల గుంపులు, ఆశా భోంస్లే గొంతు, ఆర్.డి.బర్మన్ బాణీ... ఇవన్నీ అందరికీ గుర్తే. మరి ఆ పాటలో మత్తెక్కించేలా ట్రాన్సికార్డ్ వాయించిన మనిషి గుర్తున్నాడా?

ఆయనే చరణ్‌జిత్ సింగ్! బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో గిటారు, బేస్ గిటారు, కీబోర్డు... ఏది ఇచ్చినా వాయించేవాడు. పాట హిట్టయితే పేరు సంగీత దర్శకుడిది, గాయకుడిది. ఈయన మర్నాడు మళ్లీ మరో రికార్డింగుకి!

1980లో 'ఖుర్బానీ' వచ్చాక దేశమంతా డిస్కో జోరందుకుంది. అప్పుడే ఈయనకో చిలిపి ఆలోచన తట్టింది. డిస్కో దరువు మీద శాస్త్రీయ రాగాలు వాయిస్తే ఎలా వుంటుంది?

1982లో జపాన్ వారి రోలాండ్ యంత్రాలు మూడింటిని ముందేసుకున్నాడు. ఒకటి దరువేసేది, ఒకటి స్వరాలు పలికేది. మూడోది టీబీ-303 అనే చిన్న పెట్టె. ఒంటరిగా సాధన చేసుకునే గిటారిస్టుకి బేస్ తోడుగా వుండాలని తయారుచేశారు దాన్ని. అసలు బేస్ గిటారులా పలకడం లేదని చాలామంది పెదవి విరిచారు. కానీ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం దానికి బాగా తెలుసు. రాగాలతో పెరిగిన చెవికి ఇంకేం కావాలి? గమకం దొరికినట్టే!

అలా పది రాగాలు రికార్డు చేశాడు. మాల్‌కౌన్స్ (మన హిందోళం), భూపాలి (మన మోహన), యమన్ (మన కల్యాణి)... అన్నీ డిస్కో తాళానికి చిందులేశాయి. హెచ్.ఎం.వి. వారు రికార్డు వేశారు. అయితే కొన్నవాళ్లే లేరు! డిస్కో కోరినవాళ్లకి అందులో రాగం ఎక్కువైంది, రాగం కోరినవాళ్లకి యంత్రం ఎక్కువైంది. చరణ్‌జిత్ మాత్రం తన వాయిద్యాలు సర్దుకుని తన పనిలో పడ్డాడు.

1987లో అమెరికాలోని చికాగోలో ఫ్యూచర్ అనే బృందం అదే టీబీ-303 మీటలు తిప్పి 'యాసిడ్ ట్రాక్స్' అనే రికార్డు తెచ్చింది. ప్రపంచం 'యాసిడ్ హౌస్' అంటూ వెర్రెత్తిపోయింది.

2010లో హాలెండు సంస్థ ఒకటి మన సర్దార్జీ రికార్డుని మళ్లీ విడుదల చేసింది. విన్నవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. "ఇది 1982 నాటిదా? ఎవరో ఆటపట్టిస్తున్నారు!" అని అనుమానించినవాళ్లూ వున్నారు. డెబ్భై దాటిన వయసులో ఆయన యూరప్ వెళ్లి మనవల వయసు కుర్రాళ్ల ముందు అవే రాగాలు వాయించి చప్పట్లు కొట్టించుకున్నాడు. 2015లో కన్నుమూశాడు.

భవిష్యత్తుని చూసి చేసిన పని కాదది. చేతిలోని యంత్రాన్ని తన చెవితో విన్నాడు, అంతే. ఆ చెవి జనానికి రావడానికే ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది!