కంటికి కానరాని గుర్తు

బసంత్‌నగర్ అను పేరును కంప్యూటరులో వ్రాయునపుడు త్, న అను వానినడుమ కంటికి కానరాని గుర్తొకటి నిలుచును. అది లేనిచో నకారము తకారము క్రింద వత్తుగా దిగును. ఆ గుర్తే పేరు చివర చేరినచో రూపము మాఱదు. యంత్రమునకు మాత్రమది వేఱు పేరు. ఇట్లు పట్టా నకలును, దాని చిత్తుప్రతియు ఒకే పేరుతో కానవచ్చును.

లినక్సులో ‘ఆర్‌ఎమ్’ అను ఆజ్ఞచే తొలగించిన ఫైలు చెత్తబుట్టలోనికి పోదు. పొరపడినచో నకలే పోవును. కావున పేరును నమ్మరాదు. ఒకే పేరుగల ఇద్దరి పొలములను సర్వే నెంబరుచే గుర్తించునట్లు, ప్రతి ఫైలునకును లోపల ఒక సంఖ్య కలదు. ‘ఎల్‌ఎస్’ ఆజ్ఞకు అడ్డగీతయు ‘ఐ’ అక్షరమును చేర్చిన నది తెలియును. ‘ఫైండ్’ ఆజ్ఞకు ఆ సంఖ్యనిచ్చి, మొదట లోపలి వ్రాతను చదివి, అది చిత్తుప్రతియే యని తేలిన పిదపనే తొలగింపవలెను.